నవ్వించువాడు ప్రశ్నించిన వేళ



నేటి ప్రసంగమున కెన్నుకొన్న విషయము మీలో కొందఱికి తేలికగా తోచవచ్చును. రాజుల చరిత్రము కాదు, యుద్ధముల చరిత్రము కాదు. ఒక హాస్యనటుని చరిత్రము. చిన్ననాటినుండి జనులను నవ్వించుటయే వృత్తిగా జీవించిన యొకడు, నడివయస్సున టెలివిజనులో కుర్చీ వేసికొని, ఇతరుల నెదుట గూర్చుండబెట్టి, వారి బ్రదుకులను గూర్చి ప్రశ్నలడిగిన కథ. ఆ నటుడు ఆలీ. బొగ్గుగనుల నడుమ నివసించు నేను ఈ కథను మీకు చెప్పుటకు కారణము లేకపోలేదు. ఒక సంఘమున ఎవరిని జూచి నవ్వుదురో, ఎవరిని నీ సంగతి చెప్పుమని యడుగుదురో, ఆ రెండింటిని బట్టి అచ్చట ఎవరి కెంత మన్నన గలదో తెలియును. రామగుండము, గోదావరిఖని ప్రాంతముల మాటను విని వెండితెఱ చిరకాలము నవ్వినది, అడిగినది తక్కువ.

మొదట కొంచెము వెనుకకు పోవలెను. సంస్కృత నాటకములలో రాజు సంస్కృతమున మాటలాడును. అతని ప్రక్కనే నిలిచి, ఆకలిని గూర్చియు అలసటను గూర్చియు మొఱపెట్టుకొను విదూషకుడు, పుట్టుకచే బ్రాహ్మణుడయ్యును, ప్రాకృతముననే మాటలాడవలెను. శాకుంతలమునందలి మాధవ్యుడును, మృచ్ఛకటికమునందలి మైత్రేయుడును అట్టివారే. మైత్రేయుని నేను వట్టి హాస్యగాడని యెన్నడును అనుకొనలేదు. చారుదత్తుని సిరి పోయిన పిదప గూడ అతనిని విడువని స్నేహితుడు వాడు. అయినను వాని నోట రాజభాష పలుకరాదు. నవ్వింపవలసినవాని మాట తక్కువ మాటగా నుండవలెనను నియమము అంత పాతది.

అయితే మన దేశిరంగమున హాస్యగానికి మఱియొక పని గూడ గలదు. సిద్ధేంద్రయోగి భామాకలాపమున సత్యభామ జడ చూపుచు తెఱ వెడలి వచ్చినపుడు, ఆమె యెవరో, ఆమె బాధ యేమో అడిగి యడిగి చెప్పించునది మాధవి. ఆ మాధవిగా సూత్రధారుడే నిలిచి, ఎగతాళి చేయుచునే ఆమె దుఃఖమును బయటికి రాబట్టును. బుఱ్ఱకథలో నడుమ కథకుడు నిలువగా, ఇరుప్రక్కల నుండు వంతలలో నొకడు హాస్యము పలుకుచు, ఏమియు నెఱుగనివానివలె అడ్డుప్రశ్నలు వేయుచుండును. ఆ అమాయకపు ప్రశ్న లేనిచో కథకునకు వివరించుటకు చోటే యుండదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు పిలువకయే వచ్చి, రామాయణము నడుమ ఊరి సంగతులను జొప్పించును. కనుక నవ్వించువాడే అడుగువాడగుట మనకు క్రొత్త కాదు. క్రొత్తది యేదనగా, వాడు ప్రక్కనుండి నడుమకు వచ్చుట.

రేడియోలో ఆ జరుగుట మెల్లగా ఆరంభమైనది. ఆకాశవాణి కార్మికుల కార్యక్రమమున చిన్నక్క, ఏకాంబరము, రాంబాబు అనువారు కూడి పరిహాసమాడుచు, కార్మికుల మంచిచెడ్డలను ముచ్చటించుట మీలో పలువురు వినియే యుందురు. అది ఉపన్యాసమైయున్నచో సగము మంది రేడియోను కట్టివేసియుందురు. మనుష్యులు కొట్లాడుకొనుచు మాటలాడుకొనుచున్నట్లుండుటచే కూర్చుండి వినిరి.

ఇక మన ప్రాంతపు సంగతి. ఇల్లందు చెంత 1871లో బొగ్గు కనుగొనబడెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడెను. 1920లో సింగరేణి కాలరీస్ అను పేర క్రొత్త కంపెనీ నెలకొనెను. 1945లో నిజాము ప్రభుత్వము దానిని తన వశము గావించుకొనెను. నేడు అందు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51 వంతులును, కేంద్రప్రభుత్వమునకు 49 వంతులును గలవు. గోదావరి యొడ్డున రామగుండము వైపు బావులు తెఱచుట 1960 ప్రాంతమున మొదలయ్యెను. కరీంనగరము, ఆదిలాబాదు, వరంగల్లు పల్లెలనుండి ఎడ్లను, నాగళ్లను విడిచి జనులు వచ్చిరి. గనిని వారు గని యనలేదు, బాయి యనిరి. తమ పొలములోని బావికి పెట్టుకొన్న పేరే దీనికిని పెట్టిరి. ఆ బాయి వారి భాషను మార్చినది. మస్టరు, టబ్బు, ట్రామరు, సర్దారు, ఓవర్‌మెను అను మాటలు పల్లెమాటలలో కలిసిపోయి, ఏ పండితుడును వ్యాకరణము వ్రాయని యొక తెలుగు ఇచ్చట పుట్టెను. మూడు షిఫ్టుల జీవితమున రాత్రి తెల్లవార్లు సాగు భాగవతములకు తీఱిక యెక్కడిది? కనుక సినిమా వచ్చి ఆ చోటు నాక్రమించెను.

ఆ సినిమాలో మన మాట ఎట్లు వినబడెను? 1985లో వచ్చిన ప్రతిఘటన చిత్రమున కోట శ్రీనివాసరావు కాశయ్య యను దుష్టుడైన రాజకీయ నాయకునిగా తెలంగాణపు యాసలో మాటలాడెను. ఆయన నటన గొప్పదే. ఆ గొప్పతనమే మనకు కొంత చేటు తెచ్చినదని నా భావము. అటుపిమ్మట ఎన్నో యేండ్లు, తెఱమీద ఈ యాస వినబడినంతనే, వచ్చినవాడు దుర్మార్గుడో వెఱ్ఱివాడో అయియుండునని ప్రేక్షకుడు ముందే నిశ్చయించుకొనుట అలవాటయ్యెను. నాయకుడు మాత్రము శుద్ధమైన భాష మాటలాడును. దుష్యంతుడు, మాధవ్యుడు అనుకొనుడు.

మన గోదావరిఖనిలోనే పెరిగి, సినిమాలో పేరు గాంచిన హాస్యనటుడు రమేష్. అనుకరణకళతో ఆరంభించి, 2011లో అలా మొదలైంది చిత్రమున త్రాగుబోతు వేషముతో అందఱి కంట బడెను. 2013 నాటి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ చిత్రమునకు నంది బహుమానము గూడ పొందెను. తూలు నడకను, తడబడు నాలుకను, త్రాగినవాని యకారణ గాంభీర్యమును ఆయన చూపినంత సూక్ష్మముగా చూపినవారు తక్కువ. కాని లోకము ఆయనకిచ్చిన బిరుదు చూడుడు: తాగుబోతు రమేష్. జీతము దినమున బస్తీలలో ఏమి జరుగునో, ఎన్ని యిండ్ల పొయ్యి సారాచే చల్లారెనో ఎఱిగిన మన తల్లులకు ఆ పేరులో నవ్వు ఒక్కటే కాదు, మఱియొకటి గూడ వినబడును. ఇది ఆ నటుని దోషము కాదు. తన కండ్లయెదుట నున్నదానిని నేర్చుకొని చూపినాడు. అయితే త్రాగినవాని జూచి నవ్విన సినిమా, నీ వేల త్రాగితివని వానిని అడుగలేదు.

అడుగుటలోనికి వచ్చినవాని కథ యిదిగో. ఆలీ గూడ గోదావరి యొడ్డువాడే, అయితే మిక్కిలి దిగువవాడు. మన ఖని ప్రక్కగా పాఱిన నీరు, ప్రాణహితను, ఇంద్రావతిని, శబరిని కలుపుకొని పోయి చేరు రాజమహేంద్రవరమున 1968లో జన్మించెను. తండ్రి దర్జీ. ఆ పట్టణమునకు నాటకముల వాసన, పాటకచేరీల వాసన తఱతరములనుండి గలదు. గోదావరి గట్టున సినిమాలు తీయుటకు మద్రాసువారు తఱచు వచ్చుచుండిరి. అచ్చటి సంగీతబృందపు నాయకుడు జిత్‌మోహన్ మిత్రా ఈ బాలుని చేరదీసెను. 1979లో రాఘవేంద్రరావు తీసిన నిండు నూరేళ్లు చిత్రమున మొదటిసారి తెఱపై కనబడెను. 1981లో భారతీరాజా సీతాకోక చిలుక చిత్రమున నటించి, ఉత్తమ బాలనటునిగా నంది బహుమానమందెను. పెద్దల మాటలను పసినోట పలికి నవ్వించుట ఆ వేషమునకు ప్రాణము.

బాలనటుల కొక గండము గలదు. మీసకట్టు వచ్చినంతనే పిలుపులు ఆగిపోవును. పసివాడుగా ముద్దుచేసిన లోకమే, ఎదిగినందుకు వానిమీద అలిగినట్లుండును. ఆలీకి గూడ ఆ గండము తప్పలేదు. 1990 తరువాత దర్శకుడు ఎస్. వి. కృష్ణారెడ్డి చిత్రములతో మరల వెలుగునకు వచ్చెను. 1993లో రాజేంద్రుడు గజేంద్రుడు, 1994లో యమలీల. ఈ రెండవదానిలో ఆలీయే కథానాయకుడు. యమధర్మరాజుగా సత్యనారాయణ, చిత్రగుప్తునిగా బ్రహ్మానందము, తల్లిగా మంజుభార్గవి. యమలోకమునుండి జాఱిపడిన భవిష్యవాణి యను గ్రంథము ఒక అల్లరి కుఱ్ఱవాని చేత చిక్కును. అందు తల్లి మరణము వ్రాసియుండును. నవ్వుచు నవ్వుచు ఆ పుట దగ్గఱ ప్రేక్షకుడు ఆగిపోవును. ఆలీ జీవితమున మీదట రానున్నదానికి నాకు అక్కడనే సూచన కనబడుచున్నది. హాస్యగాడు తన ముఖమును ఒక్క క్షణము స్థిరముగా నుంచినచో, జనులు వానిని మఱి యెవరికన్నను ఎక్కువగా నమ్ముదురు.

ఆ పిమ్మట రెండు దశాబ్దములు మరల పాత త్రోవయే. ఇడియట్, పోకిరి, దేశముదురు మొదలైనవి. నాయకుని ప్రక్కవాడు, దెబ్బలు తినువాడు, బిచ్చగాడు. కాట్రవల్లి వంటి ఏ నిఘంటువునను లేని మాటలను పలికి నవ్వించెను. ఆయన వేసిన వేషములు వేయి చిత్రములకు మించినవని చెప్పుదురు. ఆ లెక్కను నేను లెక్కింపబోను.

1995లో ఆరంభమైన ఈటీవీలో, ఆలీతో జాలీగా అను వినోద కార్యక్రమము తరువాత, 2016లో ఆలీతో సరదాగా అను ముచ్చట్ల కార్యక్రమము మొదలయ్యెను. సోమవారపు రాత్రులలో వచ్చుచుండెడిది. 2022 వఱకు నడచెను. మన పెద్దపల్లి జిల్లా గూడ 2016లోనే ఏర్పడెను గనుక నాకా సంవత్సరము సులువుగా జ్ఞాపకముండును. ఆ కార్యక్రమమునకు వచ్చినవారిలో వెలుగుచున్న తారలు గలరు. కాని నన్ను ఆకర్షించినవారు వేఱు. ఒకప్పుడు తల్లి వేషములు వేసినవారు, వేషములు తగ్గి ఇంట గూర్చున్న హాస్యనటులు, పేరు మఱచిపోయి ముఖము మాత్రమే మనకు జ్ఞాపకమున్నవారు.

అతని ప్రశ్నల తీరు గమనింపదగినది. పత్రికలవారు ప్రశ్నించునపుడు చేతిలో కాగితముండును. ఎదుటివాడు సాక్షివలె జాగ్రత్తపడును. ఆలీ యట్లు కాదు. మొదట పరిహాసమాడును. అక్కా, అన్నా, అమ్మా యని పిలుచును. పాత చిత్రపు చిత్రీకరణలో జరిగిన పొరపాటు నొకదానిని త్రవ్వి తీయును. తానును చిన్ననాడే అదే కూడలిలో తిరిగినవాడు గనుక, ఏ దర్శకుడు కోపిష్టియో, ఏ సంస్థ మధ్యాహ్నపు భోజనము మంచిగా పెట్టునో ఎఱుగును. అతిథి నవ్వును, నవ్వినవాని భుజములు సడలును. అప్పుడు ఇల్లెట్లు పోయినది, పిల్లలెట్లున్నారు, అంత సంపాదన యేమయ్యెను అను ప్రశ్న వచ్చును. అడిగిన పిదప ఊరకుండును. హాస్యగానికి ఊరకుండుట మిక్కిలి కష్టము. ఆ కష్టము నతడు నేర్చుకొనెను. భామాకలాపపు మాధవి పని యిదియే.

బ్రహ్మానందము అతిథిగా వచ్చినపుడు యమలీల చిత్రగుప్తుడును, భవిష్యవాణి దొరకిన కుఱ్ఱవాడును ఎదురెదుర గూర్చుండిరి. అత్తిలిలో తెలుగు బోధించిన ఉపన్యాసకుడొకరు, దర్జీ కుమారుడొకరు. తెలుగువారిని ఇంతకాలము నవ్వించిన ఇద్దఱిని ఒక్క బల్లయొద్ద జూచుట నాకు చరిత్ర సన్నివేశమువలెనే తోచెను.

దేశాంతరములందు గూడ ఇట్టివారు గలరు. అమెరికాలో జానీ కార్సన్ అను హాస్యగాడు 1962 మొదలు 1992 వఱకు ముప్పదియేండ్లు రాత్రి ముచ్చట్ల కుర్చీలో నుండెను. అమృతసరమువాడైన కపిల్ శర్మ 2007లో హిందీ హాస్యపోటీలో గెలిచి, 2013లో తన పేరిట కార్యక్రమము మొదలిడెను. వారి యెదుట అతిథి నవ్వుటకే వచ్చును. ఆలీ యెదుట అతిథి నవ్వి, ఆపై చెప్పుకొనును. ఈ భేదము నాకు పెద్దదిగా కనబడును.

పొగడ్త యింతటితో చాలు. ఆ కార్యక్రమమునకు ముందు సినిమా సభలలో స్త్రీలను గూర్చి ఆలీ విసరిన కొన్ని వెకిలి మాటలు పలువురి విమర్శకు గురియయ్యెను; ఆ విమర్శ న్యాయమైనదే. టెలివిజనువారు గూడ అతిథి కన్నీటిచుక్కను కోసి ముందుగా ప్రకటనలో చూపి, సోమవారమునకు ఎరగా వేయుచుండిరి. దుఃఖమును సంతలో పెట్టుట నాకు రుచింపలేదు. ఇంకొకటి: రాజకీయము. 2019లో ఆలీ ఒక పక్షమున జేరి, 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు ఎలక్ట్రానిక్ మీడియా సలహాదారుగా నియమింపబడి, 2024 జూనులో ఆ పక్షమును వీడెను. అడుగు కుర్చీకి, పదవి కుర్చీకి దూరము తక్కువేమో గాని, రెంటిలో నొకేమాఱు గూర్చుండుట కష్టము.

అన్నిటికంటె పెద్ద లోపము వేఱు. ఆ బల్లయొద్దకు వచ్చినవారందఱును సినిమావారు, లేదా సినిమాతో ముడిపడినవారు. లోకమున బాధపడి బయటపడినవారు వారే యన్నట్లు.

ఇటీవల మన వైపు గాలి మాఱినది. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప, చేవెళ్ల వైపువాడైన రవికుమార్ బిత్తిరి సత్తి యను వేషముతో వీ6 వార్తలలో వచ్చి, పల్లెమాటలోనే లోకమును ప్రశ్నించెను; తరువాత సినిమా నటులను గూడ ఆ మాటలోనే ప్రశ్నించుచు వచ్చెను. వెఱ్ఱివాని వేషము పోలేదు, కాని ప్రశ్న ఆ యాసలో వచ్చినది. 2017లో ఫిదా చిత్రమున నాయిక ఆ మాట పలికెను. 2023 మార్చి నెలలోనే రెండు చిత్రములు వచ్చినవి. మన ఖని పరిసరముల బొగ్గుబావులను, త్రాగుడును కథగా గొన్న దసరా యొకటి. సిరిసిల్లవాడును హాస్యనటుడును నైన వేణు ఎల్దండి తీసిన బలగం రెండవది. చావింటి చుట్టును నడుచు ఆ రెండవ చిత్రమును పల్లెలలో తెఱలు గట్టి, ఊరంతయు కూడి, కన్నీరుమున్నీరుగా చూచినారు. ప్రాకృతము మాటలాడిన విదూషకుడు నాటకమునే వ్రాసినట్లయ్యెను.

నేనుండు కాలనీలో, విశ్రాంతి పొందిన కార్మికులు మధ్యాహ్నము వేపచెట్టు క్రింద చేరి, ఆలీ పాత ముచ్చట్లను చేతిఫోనులలో చూచుచుందురు. వారిలో నొకరు కోల్ ఫిల్లరుగా పనిచేసినవారు. బొగ్గును తట్టతో ఎత్తి టబ్బులు నింపుట ఆ పని. యంత్రములు వచ్చిన పిదప ఆ పని క్రమముగా అంతరించినది, ఆ పని చేసినవారును అంతరించుచున్నారు. ఒకనాడు ఒక పాతకాలపు నటి తన పస్తులను చెప్పుకొనుచుండగా చూచి, ఆయన ఫోను ప్రక్కన బెట్టి యిట్లనెను: "ఆ అమ్మ ఎన్ని దినాలు పస్తులున్నదో అడిగిండు, మంచిదే. నేనెన్ని టబ్బులు నింపిన్నో నన్నెవ్వడడిగిండు సారూ?"

నాకు వెంటనే మాట తోచలేదు. పిదప ఆలీ పద్ధతినే యవలంబించితిని. "టబ్బులు నింపినవో, నింపినట్లు మస్టరులో వ్రాయించుకొన్నవో, ముందు అది చెప్పుడు" అంటిని. చుట్టునున్నవారు పకపక నవ్విరి. ఆయనయు నవ్వి, నన్ను రెండు మాటలనెను. అటుతరువాత నేను ఊరకుంటిని. కొంతసేపటికి ఆయనయే మొదలుపెట్టెను. మొదటినాడు దిగినపుడు టోపీదీపము సరిగా వెలుగలేదట. ముందు నడచుచున్నవాని తట్ట అంచు పట్టుకొని పోయినాడట. ఆ ముందువానిది ఏ యూరో, ఏ కులమో తెలియదట. పైకి వచ్చి వెలుతురులో చూచినపుడు, ఆ మనిషి ముఖమును తన ముఖమును ఒక్క తీరుగనే నల్లగా నుండెనట. ఎన్ని టబ్బులో ఆ దినమున చెప్పలేదు. రేపు రమ్మనెను.